తిరుపతికి లులు మాల్, మల్టీప్లెక్స్: మన ఊరికి ఏ రకం కావాలి?

కొర్లగుంట కుర్రోడు

అందరికీ నమస్కారం. 2024 సెప్టెంబర్‌లో ముఖ్యమంత్రి చంద్రబాబు గారు లులు గ్రూప్ చైర్మన్ యూసఫ్ అలీ గారితో మాట్లాడాక ఒక ప్రకటన చేశారు, గుర్తుందా? విశాఖలో పెద్ద మాల్, మల్టీప్లెక్స్. విజయవాడలో, మన తిరుపతిలో హైపర్‌మార్కెట్లు (ఇంటి సరుకులన్నీ ఒకేచోట దొరికే పెద్ద అంగళ్ళు), మల్టీప్లెక్స్‌లు అని. అప్పట్నుంచి మా ఫ్రెండ్స్ ఎక్కడ కలిసినా ఇదే మాట. ఎప్పుడొస్తుంది, ఎక్కడ కడతారు అని అందరూ అడుగుతున్నారు గానీ, వస్తే లోపల ఏముండాలి అన్నది ఎవరూ మాట్లాడటం లేదు.

నాకు ఆ సంగతే ముఖ్యం. మన ఊరికి రోజూ వేలమంది యాత్రికులు వస్తారు. వాళ్ళకి సత్రాలు, క్యూ కాంప్లెక్సులు, బస్సులు అన్నీ ఉన్నాయి. కానీ ఇక్కడే పుట్టి పెరిగినోళ్ళు ఆదివారం సాయంత్రం పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలి? సినిమా, హోటల్, లేదంటే మళ్ళీ అలిపిరి. వేరే ఊళ్ళలో ఈ మాల్స్ చూసినోళ్ళు, ఆ రంగంలో పనిచేస్తున్నోళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఈ చెయిన్ ఎలా పెరిగింది, లోపల ఆటపాటలు ఎలా ఉంటాయి, మనం ఏం అడగాలి?

రేణిగుంట జంక్షన్

ఎప్పుడొచ్చినా మంచిదే అన్నా. మా ఇంట్లో పండగ బట్టలంటే పొద్దున గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై పోవడమే. బట్టలు ఇక్కడ దొరకవని కాదు. పిల్లలు ఆడుకుంటారు, అందరం కలిసి తింటాం, ఏసీలో తిరుగుతాం, రాత్రికి తిరిగొస్తాం. పోయే రైలు ఛార్జీలు, ఆటోలు, తిండి అన్నీ చూసుకుంటే బట్టలకన్నా వాటికే ఎక్కువ అవుతాది.

కొచ్చిలో తిరుపతోడు

తమ్ముడూ, మంచి ప్రశ్న వేశావు. నేను ఉద్యోగం మీద కొచ్చిలో ఉంటున్నాను, ఇడప్పళ్ళి లులు మాల్‌కి దగ్గర్లోనే. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

యూసఫ్ అలీ గారిది త్రిస్సూర్ జిల్లా నాట్టిక. 1973లో అబుదాబి వెళ్ళి, వాళ్ళ కుటుంబ వ్యాపారంలో చేరారు. దుబాయ్‌లో మొదటి లులు హైపర్‌మార్కెట్ 2000లో తెరిచారు. అంటే వీళ్ళు మొదట సరుకులు అమ్మేవాళ్ళు, మాల్ కట్టేవాళ్ళు కాదు. ఇది గుర్తుపెట్టుకోవాలి, ఎందుకో తర్వాత చెప్తాను.

మన దేశంలో లులు పేరుతో మొదటి మాల్ 2013 మార్చిలో కొచ్చిలో వచ్చింది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళకు గానీ రెండోది రాలేదు. 2021 అక్టోబర్‌లో బెంగళూరు రాజాజీనగర్, అదే ఏడాది డిసెంబర్‌లో తిరువనంతపురం. అక్కణ్ణుంచి జోరు పెరిగింది. 2022 జూలైలో లక్నో, 2023 సెప్టెంబర్‌లో హైదరాబాద్ కూకట్‌పల్లి, ఆ డిసెంబర్‌లో పాలక్కాడ్, 2024లో కోళికోడ్, కొట్టాయం.

ఇక్కడ మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. పాలక్కాడ్, కోళికోడ్, కొట్టాయం మాల్స్ కొచ్చి అంత పెద్దవి కావు. చిన్న ఊరికి చిన్న మాల్. కింద సరుకుల హైపర్‌మార్కెట్, ఒక ఫుడ్‌కోర్ట్, పిల్లలకు ‘ఫన్‌టూరా’ అనే ఆటల చోటు. ఆ మూడూ ఉంటే వాళ్ళ లెక్కలో మాల్ నిలబడుతుంది. తిరుపతికి వచ్చేది కూడా ఈ రకమే కావచ్చని నా అంచనా. కొచ్చి ఫోటోలు చూసి అంతటిది వస్తుందని ఆశపడితే నిరాశే మిగులుతుంది.

కొచ్చి మాల్‌లో ఆ ఆటల చోటుని మొదట్లో ‘స్పార్కీస్’ అనేవాళ్ళు. ఐస్ స్కేటింగ్, బౌలింగ్ అన్నీ పెట్టారు. మంచు అంటే టీవీలో చూడటమే తప్ప తెలియని పిల్లలు అంచు పట్టుకుని, కాళ్ళు వణుకుతుంటే అడుగులో అడుగు వేసుకుంటూ పోతారు. గ్లాసు ఇవతల నించుని చూసే తాతలు, నాయనమ్మలు లోపల ఆడేవాళ్ళకన్నా ఎక్కువమంది. అలా చూస్తూ నించున్నోళ్ళందరూ ఆ పూట అక్కడే ఏదో ఒకటి తింటారు, కొంటారు.

మెట్రో వచ్చాక ఇంకా మారిపోయింది. 2017లో కొచ్చి మెట్రో మొదలైంది, ఇడప్పళ్ళి స్టేషన్ నుంచి పైవంతెన మీద నేరుగా మాల్‌లోకి నడిచి పోవచ్చు. కారు లేనివాళ్ళకు అది పెద్ద వరం.

తీర్థకట్ట వీధి

అందరూ ఆనందపడుతున్నారు, సంతోషమే. కానీ గాంధీ రోడ్డు, తీర్థకట్ట వీధిలో అంగళ్ళు పెట్టుకున్న మాలాంటోళ్ళ సంగతి కూడా ఒక మాట అనుకోండి. మాది స్టీలు సామాన్ల అంగడి, మా నాయన కాలం నుంచీ ఉండాది. ధరల విషయంలో మాకు భయం లేదు. పెండ్లి సామాన్లు కొనేవాళ్ళు పది రూపాయలు తగ్గిస్తామంటే అప్పటికప్పుడు బేరం కుదురుతుంది, మాల్‌లో బేరం ఉండదు. మా భయం వేరే. మా వీధిలో బండి పెట్టుకోవడానికి జాగా లేదు, ఆడోళ్ళకు బాత్రూం లేదు, పిల్లోడు ఏడిస్తే కూర్చోబెట్టడానికి నీడ లేదు. మాల్‌లో ఇవన్నీ ఉంటాయి. జనం వస్తువు కోసం కాదు, ఈ సౌకర్యాల కోసం అటు పోతారు. కార్పొరేషనోళ్ళు మాల్‌కి రోడ్డు వేసేటప్పుడే మా వీధులకూ ఒక పార్కింగ్, రెండు బాత్రూములు కట్టిస్తే మేము పోటీకి రెడీ.

చెన్నై లీజింగ్

నేను చిత్తూరు జిల్లావాణ్ణే, చెన్నైలో మాల్స్‌కి షాపులు అద్దెకిచ్చే పనిలో ఉన్నాను. ఇద్దరు అడిగినదానికీ కలిపి చెప్తాను.

మాల్‌లో మల్టీప్లెక్స్, ఫుడ్‌కోర్ట్, గేమ్‌జోన్ ఎప్పుడూ పై అంతస్తులోనే ఎందుకుంటాయో గమనించారా? సినిమాకి వచ్చినోడు కింది నుంచి పైదాకా ఎస్కలేటర్ల మీద ప్రతి అంతస్తులో తిరిగి పోవాలి. దిగేటప్పుడూ అంతే. ఎస్కలేటర్ దిగగానే రెండోది పక్కనే ఉండదు, చుట్టూ తిరిగి పోవాలి. ఆ తిరుగుడులోనే షాపుల అద్దాలు కంటపడతాయి. మల్టీప్లెక్సోడు చదరపు అడుక్కి ఇచ్చే అద్దె కింద చెప్పుల షాపోడు ఇచ్చేదానికన్నా చాలా తక్కువ. అయినా మాల్ యజమాని వాడికి అన్నిటికన్నా పెద్ద జాగా ఇస్తాడు. జనాన్ని తెచ్చేది వాడే కాబట్టి.

షాపు అద్దె పద్ధతి కూడా మన వీధి అంగడి లాంటిది కాదు. ‘మినిమం గ్యారంటీ’ అని ఒక మొత్తం ఉంటుంది, అమ్మకాల్లో ఇంత శాతం అని ఒకటి ఉంటుంది. నెలాఖరుకి రెండింటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలి. దానిపైన ఏసీ, లిఫ్టు, ఊడ్చేవాళ్ళు, సెక్యూరిటీ వీటి ఖర్చు చదరపు అడుగు లెక్కన పంచుతారు. తీర్థకట్ట వీధి అన్నా, మీ లాంటి అంగడి ఆ లెక్కలో నిలబడటం కష్టం. కానీ ఫుడ్‌కోర్ట్‌లో చిన్న కౌంటర్లు, నడవాల్లో పెట్టే చిన్న అంగళ్ళు, అంటే కియోస్కులు ఉంటాయి. వాటిలో ఊరివాళ్ళకు కొన్ని కేటాయించండి అని అనుమతుల సమయంలోనే అడగొచ్చు. కట్టేశాక అడిగితే ఎవరూ వినరు.

ఇక కొచ్చి అన్న ‘తర్వాత చెప్తా’ అన్న మాట నేను చెప్పేస్తాను. ఫీనిక్స్ లాంటి మాల్ కంపెనీలది వేరే దారి. ఫీనిక్స్ అంటే 1905లో ముంబైలో పెట్టిన బట్టల మిల్లు. మిల్లు మూతపడ్డాక ఆ స్థలమే మాల్ అయింది. పుణె, బెంగళూరు, ముంబై కుర్లా, 2013లో చెన్నై వేళచ్చేరి, ఇలా ఎక్కువగా పెద్ద నగరాల్లో పెరిగారు. వాళ్ళు భవనం కట్టి ఇతరులకు అద్దెకిస్తారు. షాపులోడు ఖాళీ చేస్తే ఆదాయం పడిపోతుంది. లులు అలా కాదు. హైపర్‌మార్కెట్ వాళ్ళదే, బట్టల షాపు వాళ్ళదే, టీవీలు ఫోన్లు అమ్మే ‘కనెక్ట్’ వాళ్ళదే, ఫన్‌టూరా కూడా వాళ్ళదే. సగం మాల్‌ని సొంత షాపులతోనే నింపేయగలరు. అందుకే చిన్న ఊళ్ళకు కూడా ధైర్యంగా వస్తున్నారు. లైఫ్‌స్టైల్, మాక్స్ నడిపే ల్యాండ్‌మార్క్ గ్రూప్‌కి సొంతంగా ‘ఫన్ సిటీ’ ఉండటం కూడా ఇలాంటి ఆలోచనే.

కొచ్చిలో తిరుపతోడు

సరిగ్గా చెప్పారు సార్. ఇంకొకటి, కూకట్‌పల్లిలో వాళ్ళు కొత్తగా కట్టలేదు. అంతకుముందున్న మంజీరా మాల్‌ని తీసుకుని మార్చుకున్నారు. తెరిచిన కొత్తలో జనం ఎంతమంది వచ్చారంటే జేఎన్‌టీయూ నుంచి ట్రాఫిక్ ఆగిపోయింది. తిరుపతిలో కూడా స్థలం విషయం తేలకపోతే ఏదైనా ఉన్న భవనాన్నే తీసుకోవచ్చు. అలాంటప్పుడు పార్కింగ్, రోడ్డు సంగతి ఇంకా గట్టిగా చూడాలి.

పద్మావతీపురం అమ్మ

నేను ఇద్దరు పిల్లల తల్లిని. గేమ్‌జోన్ అంటే నాకు కొంచెం టెన్షనే. మంచి చెడ్డ రెండూ చెప్తాను.

మొన్న సెలవుల్లో చెన్నైలో ఒక మాల్‌కి పోయాం. గేమ్‌జోన్‌లో నేరుగా డబ్బులు తీసుకోరు. ముందు ఒక కార్డు కొనాలి, అందులో డబ్బు వేయించాలి. ప్రతి మిషన్ దగ్గర కార్డు తాకించగానే ‘టింగ్’ మని ఆట మొదలవుతుంది. తెర మీద రూపాయలు కనపడవు, పాయింట్లు కనపడతాయి. మా చిన్నోడికి ఏడేళ్ళు. బాస్కెట్‌బాల్ మిషన్ నుంచి కాగితం టికెట్లు బయటికి వస్తుంటే చేతికి చుట్టుకుంటూ పోయాడు. చివరికి కౌంటర్ దగ్గర ఆ టికెట్లన్నీ ఇస్తే ఒక పెన్సిల్, చిన్న రబ్బరు బంతి వచ్చాయి. అద్దం వెనక రిమోట్ కారు ఉంది, దానికి కావలసిన టికెట్లు వీడి దగ్గర ఉన్నవాటికి ఎన్నో రెట్లు. వాడు కారు వైపు చూసి, ‘అమ్మా, ఇంకొకసారి వేయిద్దాం’ అన్నాడు. కార్డులో మిగిలిన డబ్బు తిరిగి ఇవ్వండి అంటే ఇవ్వమన్నారు, మళ్ళీ వచ్చినప్పుడు వాడుకోండి అన్నారు. చెన్నైకి మేం మళ్ళీ ఎప్పుడు పోతాం?

కానీ అదే చోట ఇంకొక మూల మెత్తటి ఎక్కుడు మెట్లు, జారుడు బల్లలు, బంతుల గుంట ఉంది. గంటకింత అని ఒకసారి కడితే చాలు. పెద్దోడు, చిన్నోడు, ముక్కూముఖం తెలియని పిల్లలతో కలిసి గంటసేపు చెమటలు కారేలా ఆడారు. దానికి పెట్టిన డబ్బుకి నాకు బాధ లేదు. మన ఊరికి ఆటల చోటు వస్తే మిషన్లు తక్కువ, ఒళ్ళు అలిసే ఆటలు ఎక్కువ ఉండాలి. కార్డులో మిగిలినది అదే రోజు తిరిగి ఇచ్చేయాలి. ఇది నేను గట్టిగా అడుగుతాను.

రేణిగుంట జంక్షన్

అక్కా, కార్డు సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. పుట్టినరోజులకు కూడా ఇప్పుడు అందరూ ఇలాంటి చోట్లే అడుగుతున్నారు.

ఎస్వీయూ పాత విద్యార్థి

సినిమా సంగతికి వద్దాం. మన జిల్లాకి సినిమా అంటే ప్రాణం. లీలామహల్ సర్కిల్ అని ఒక కూడలికి పేరుందంటేనే తెలుస్తుంది సినిమా హాలు మన ఊళ్ళో ఎంత పెద్ద గుర్తో. మల్టీప్లెక్స్ వస్తే తెర, సౌండ్ బాగుంటాయి, సందేహం లేదు. దేశంలో పెద్ద కంపెనీలైన పీవీఆర్, ఐనాక్స్ 2023 ఫిబ్రవరిలో ఒకటైపోయాయి, అంతకుముందు 2018లో చెన్నై ఎస్పీఐ సినిమాస్‌ని పీవీఆర్ కొనేసింది. పోటీ తగ్గితే చూసేవాడికి ఎంపిక కూడా తగ్గుతుంది. కాబట్టి ఇప్పుడున్న మన థియేటర్లు కూడా బతకాలి.

కొన్ని విషయాలు అందరికీ తెలియాలి. బయటి తిండి లోపలికి తీసుకురావొద్దని చెప్పే హక్కు హాలు యజమానికి ఉందని సుప్రీంకోర్టు 2023 జనవరి 3న చెప్పింది. కానీ అదే తీర్పులో తాగునీరు ఉచితంగా ఇవ్వాలని, పసిపిల్లలకు ఇంటి నుంచి తెచ్చుకున్న తిండిని అడ్డుకోకూడదని కూడా ఉంది. నీళ్ళ బాటిల్ కొనకుండా ‘తాగే నీళ్ళు ఎక్కడ’ అని అడగండి, మొహమాటపడకండి.

పన్ను కూడా మారింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 100 రూపాయల వరకు టికెట్ మీద జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. అంటే ముందు వరసల్లో 100 రూపాయల లోపు సీట్లు కొన్ని ఉంచితే చూసేవాళ్ళకు రెండు విధాలా లాభం. యూనివర్సిటీ పిల్లలకు, ఐఐటీ, ఐజర్ పిల్లలకు ఆ సీట్లే ఆధారం.

భద్రత ముందు

నేను ఫ్యాక్టరీలో సేఫ్టీ ఉద్యోగం చేస్తాను. ఇక్కడ ఎవరూ ఎత్తని మాట ఒకటి చెప్పాలి.

2024 మే 25న రాజ్‌కోట్‌లో టీఆర్‌పీ గేమ్‌జోన్‌లో మంటలు వచ్చి 27 మంది చనిపోయారు. వాళ్ళలో పిల్లలూ ఉన్నారు. వేసవి సెలవులు, శనివారం, టికెట్ 99 రూపాయలే అని జనం పోటెత్తారు. దానికి అగ్నిమాపక శాఖ అనుమతి లేదు. ఒకవైపు వెల్డింగ్ పని జరుగుతోంది, లోపల ఇంధనం నిల్వ ఉంది. అంతకు ముందు 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు అగ్నిప్రమాదంలో 59 మంది పోయారు. పొగకి, దారి దొరక్క.

ఆటల చోటులో ఫోమ్, ప్లాస్టిక్, రెగ్జిన్, వైర్లు ఉంటాయి. ఒక్కసారి అంటుకుంటే మంట కన్నా పొగ ముందు చంపుతుంది. అలాంటిది పై అంతస్తులో, పిల్లలు నిండిన చోట. చెన్నై లీజింగ్ సార్ చెప్పిన వ్యాపార కారణం నాకు అర్థమైంది, అయితే పైన పెట్టినప్పుడు మెట్ల దారులు అంతకంత ఎక్కువ ఉండాలి. మీరు ఏ మాల్‌కి పోయినా పిల్లల్ని వదిలే ముందు ఒక నిమిషం ఆగి ‘ఎగ్జిట్’ అని పచ్చగా వెలిగే తలుపు ఎక్కడుందో చూడండి. దాన్ని తోసి చూడండి. తాళం వేసి ఉంటే, అట్టపెట్టెలు అడ్డం ఉంటే అక్కడే మేనేజర్‌ని పిలవండి. లిఫ్టు వైపు పరుగెత్తవద్దని పిల్లలకు నేర్పండి. పద్మావతీపురం అక్కా, మీరు చెప్పిన మెత్తటి ఆటల చోటే అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సినది, దాని ఫోమ్ నిప్పుకి తట్టుకునే రకమా కాదా అని అడగాలి.

పద్మావతీపురం అమ్మ

చదువుతుంటే ఒళ్ళు జలదరించింది తమ్ముడూ. ఇంతవరకు ఒక్కసారి కూడా ఆ తలుపు వైపు చూడాలని తోచలేదు. ఇకనుంచి చూస్తాను.

చిత్తూరు మామిడితోట

మా చిత్తూరు వాళ్ళకు ఇంకా అన్యాయం అన్నా. జిల్లా కేంద్రం అని పేరే గానీ మంచి సినిమా, మంచి షాపింగ్ అంటే వేలూరు పోతాం, డబ్బుంటే బెంగళూరు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయ్యాక ఇక ఏది వచ్చినా తిరుపతికే వస్తుంది.

రైతుగా నేను అడిగేది ఒకటే. ఆ ప్రకటనలో ఫుడ్ ప్రాసెసింగ్ మాట కూడా ఉంది. 2025లో తోతాపురి మామిడికి ధర లేక మేం రోడ్డున పడ్డాం. ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తుంది అని చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి. గల్ఫ్ దేశాల్లో అన్ని హైపర్‌మార్కెట్లు ఉన్న కంపెనీ మా ఊరి పక్కకే వస్తుందంటే మా కాయ, మా గుజ్జు కూడా ఆ షెల్ఫుల మీదకి ఎక్కాలి. మదనపల్లె టమోటా కూడా. ఆటలు, సినిమాలు వద్దనడం లేదు. కానీ జిల్లా డబ్బు మాల్ లోపలికి పోయే దారి ఒక్కటే ఉండకూడదు, బయటికి వచ్చే దారి కూడా ఉండాలి.

నిర్వాహకులు

ఇప్పటికి చర్చ బాగా నడుస్తోంది, అందరికీ ధన్యవాదాలు. విశాఖ మాల్‌కి 2018లో శంకుస్థాపన, 2019లో రద్దు, మళ్ళీ 2024 నుంచి కదలిక. విజయవాడలో పాత ఆర్టీసీ డిపో స్థలం మీద వివాదం: వీటి మీద పార్టీల వారీగా గొడవపడిన పోస్టులు కొన్ని తీసేశాం. స్థలం ఇవ్వడం ఒప్పా తప్పా అన్నది చర్చించండి, కానీ మనుషుల్ని తిట్టవద్దు.

ఎయిర్ బైపాస్

స్థలం మాట వచ్చింది కాబట్టి. నేను ఎయిర్ బైపాస్ రోడ్డులో ఉంటాను. శని ఆదివారాల్లో సాయంత్రం ఇల్లు చేరడమే గగనం. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ 2023లో పూర్తయ్యాక అలిపిరి పోయే బస్సులకు దారి తేలికయింది, కింద మన స్కూటర్ల కష్టం మాత్రం అలాగే ఉంది. మాల్ ఊరి నడిబొడ్డున కడితే యాత్రికుల వాహనాలు, మాల్ కార్లు ఒకేసారి పడతాయి. అంబులెన్స్ రుయాకి, స్విమ్స్‌కి పోవాల్సిన దార్లు ఇవి.

2021 నవంబర్ వానలు గుర్తున్నాయా? కొండ మీంచి వచ్చిన నీళ్ళు కపిలతీర్థం నుంచి కింద కాలనీల దాకా ఎలా పరుగెత్తాయో అందరం చూశాం. అండర్‌గ్రౌండ్ పార్కింగ్ రెండు మూడు అంతస్తులు కడతామంటే, నీళ్ళు వచ్చే దారి ఏది, పంపులు ఎన్ని, కరెంటు పోతే జనరేటర్ ఎక్కడుంది అని మొదటే అడగాలి. జనరేటర్ కూడా బేస్‌మెంట్‌లోనే పెడితే నీళ్ళొచ్చిన రోజు దేనికీ పనికిరాదు.

పార్కింగ్ ఫీజు గురించి కూడా. మన రాష్ట్రంలో 2025 ఏప్రిల్ నుంచి మాల్స్‌లో మొదటి అరగంట ఉచితం. తెలంగాణలో 2018 నుంచే ఉంది. టోకెన్ ఇచ్చేవాడు కాదంటే ఈ మాట చెప్పండి.

చెన్నై లీజింగ్

ఎయిర్ బైపాస్ అన్న మాటకి ఒక హెచ్చరిక కలుపుతాను. స్థలం తప్పు ఎంచుకుంటే మాల్ చచ్చిపోతుంది. నైట్ ఫ్రాంక్ సంస్థ 2023కి చేసిన లెక్కలో మన పెద్ద నగరాల్లోనే 64 మాల్స్ 40 శాతానికి మించి ఖాళీగా ఉన్నాయి. దేశంలో మాల్ సంస్కృతికి మొదటి మెట్టు అనుకునే ఢిల్లీ అన్సల్ ప్లాజా 1999లో ఎంత ఘనంగా తెరిచారో, తర్వాత అంత వెలవెలబోయింది. ఇలాంటి మాల్స్‌కి పోయి చూడండి. ముందు ఎస్కలేటర్ ఆగిపోతుంది. తర్వాత ఏసీ తగ్గిస్తారు. గేమ్‌జోన్‌లో సగం మిషన్ల మీద ‘పనిచేయదు’ అని కాగితం అంటించి ఉంటుంది. అది చూసి కుటుంబాలు రావడం మానేస్తాయి, దాంతో మిగిలిన షాపులూ వెళ్ళిపోతాయి. మా రంగంలో మాల్ ఆరోగ్యం చూడాలంటే షాపుల కన్నా ముందు ఆటల చోటునే చూస్తాం. కాబట్టి కుర్రోడూ, ‘లోపల ఏముండాలి’ అని నువ్వు అడిగినది వ్యాపారానికి కూడా మొదటి ప్రశ్నే.

అలిపిరి మెట్టు

పెద్దవాణ్ణి, నాదొక మాట. ఎక్కువ డబ్బు పెట్టకుండా ఆనందించే చోట్లు మనకి లేవని కుర్రవాళ్ళు అనుకోవద్దు. అలిపిరి దగ్గర ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం 1993 నుంచీ ఉంది, ఎంతమంది పిల్లలకు చూపించారు? జూపార్కు ఉంది, దేశంలోనే విశాలమైన జూలలో ఒకటి. చంద్రగిరి కోట ఉంది. మహతి ఆడిటోరియంలో హరికథలు, సంగీత కచేరీలు జరుగుతాయి. గంగమ్మ జాతర వారంలో ఊరంతా వేషాలతో కళకళలాడుతుంది, దానికి టికెట్ ఎవరు పెట్టారు?

మాల్‌ని వద్దనను. మండే మే నెలలో మాలాంటివాళ్ళు నడవడానికి చల్లటి చోటు కావాలి. చెన్నైలో నా కొడుకు ఇంటికి పోయినప్పుడు ఉదయం మాల్ తెరవగానే వెళ్ళి నడిచి వస్తాను, షాపులోళ్ళు ఎవరూ ఏమీ అనరు. అయితే కూర్చోడానికి బల్లలు ఉండవు. ఏదైనా కొంటేనే కుర్చీ. ప్రతి అంతస్తులో ముసలివాళ్ళకు రెండు బల్లలు, చక్రాల కుర్చీ పోయే బాత్రూము, చదవగలిగేంత పెద్ద అక్షరాలతో తెలుగు బోర్డులు ఉంటే మా తరం ఆశీర్వదిస్తుంది. సాయంత్రం మధ్య హాలులో మన పిల్లల కూచిపూడి, కోలాటం, బుర్రకథ పెట్టించండి. దానికి మిషన్లూ అక్కర్లేదు, కార్డులూ అక్కర్లేదు.

తీర్థకట్ట వీధి

సార్ చెప్పిన కోలాటం మాట చానా బాగుంది. మా వీధి ఆడోళ్ళ భజన బృందమే ఉంది, ఎక్కడ పిలిచినా పోతారు.

పుత్తూరు చెల్లి

చాలాసేపటి నుంచి చదువుతున్నాను, ఇంతమంది కొనేవాళ్ళ వైపు నుంచి రాశారు, అమ్మేవాళ్ళ వైపు నుంచి నేను రాస్తాను. రెండేళ్ళు ఒక పెద్ద బట్టల షోరూంలో సేల్స్‌లో చేశాను. పొద్దున తొమ్మిదిన్నరకి పోతే రాత్రి వరకు నిలబడే ఉండాలి. కస్టమర్ లేకపోయినా కూర్చోకూడదు. కెమెరాలో కనపడితే ఫ్లోర్ సూపర్‌వైజర్ వచ్చేస్తాడు. పండగ నెలలో ఇంటికి పోయాక కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని అమ్మ నొక్కితే గానీ నిద్ర పట్టేది కాదు. చీరల మడతలు విప్పి చూపించేది మేం, మళ్ళీ మడిచేది మేం. ఆ మడిచే టైంలోనైనా కూర్చోనిస్తే చాలు అనిపించేది.

కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు పోరాడితే 2018లో చట్టం మార్చి కూర్చునే హక్కు ఇచ్చారు. తమిళనాడు 2021లో ఇచ్చింది. కేరళ నుంచే వస్తున్న కంపెనీ కాబట్టి ఈ మాట వాళ్ళకు కొత్త కాదు. తిరుపతిలోనూ ప్రతి కౌంటర్ వెనకా ఒక స్టూలు ఉండాలి.

ఇంకొకటి. మల్టీప్లెక్స్ అంటే సెకండ్ షో అయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది. టికెట్ కౌంటర్, పాప్‌కార్న్, గేమ్‌జోన్ అన్నిట్లో ఎక్కువమంది మా లాంటి అమ్మాయిలే ఉంటారు. పుత్తూరు, రేణిగుంట, చంద్రగిరి, శ్రీకాళహస్తి నుంచి వస్తారు. ఉద్యోగాలు వస్తాయని అందరూ అంటారు, ఆ ఉద్యోగం అయ్యాక ఇంటికి ఎలా పోతుందో ఎవరూ అడగరు. మా ఇంట్లో నన్ను మాన్పించింది జీతం తక్కువని కాదు, రాత్రి బస్టాండులో ఒక్కదాన్నే నించోవాలని.

రేణిగుంట జంక్షన్

చెల్లీ, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం కదా. అది కొంతైనా మేలు కాదా?

పుత్తూరు చెల్లి

మేలే అన్నా, నెలకి మిగిలేది తక్కువేం కాదు. కానీ ఆ టైంలో బస్సు ఉంటేనే కదా. కంపెనీ వాళ్ళే వ్యాను పెట్టి ఇంటి సందు దాకా దించాలి.

కొచ్చిలో తిరుపతోడు

ఇక్కడ మెట్రో ఉంది కాబట్టి సాయంత్రం షిఫ్ట్ వాళ్ళు పోగలుగుతారు, అది కూడా రాత్రి పదిన్నర, పదకొండు దాకానే. అది దాటితే ఇక్కడా వ్యానే దిక్కు. చెల్లి చెప్పినది కాగితం మీద ఉండాలి.

కొర్లగుంట కుర్రోడు

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఇదంతా కూర్చుని ఒక అర్జీగా రాస్తున్నాను, కలెక్టర్ గారికి, కార్పొరేషన్ కమిషనర్ గారికి. అనుమతులు ఇచ్చే ముందే అడగాలని చెన్నై సార్ చెప్పారు కాబట్టి ఆలస్యం చేయదలచుకోలేదు. స్టూళ్ళు, రాత్రి వ్యాను మొదటి పేజీలోనే పెట్టాను. అత్యవసర మెట్లు, బేస్‌మెంట్ నీళ్ళ సంగతి వాటి వెంటనే. కార్డులో మిగిలిన డబ్బు, ఊరి వాళ్ళకు కియోస్కులు, గాంధీ రోడ్డు పార్కింగ్, మామిడి, ముసలివాళ్ళ బల్లలు, అన్నీ ఉన్నాయి. భద్రత అన్నా, మెట్ల వెడల్పు గురించి నిబంధనలో ఉన్న మాటలు సరిగ్గా మీరు రాసి పంపితే అవి అలాగే చేరుస్తాను.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తాను. ఎవరైనా రాగలిగితే పదింటికి గేటు దగ్గర ఉంటాను. పుత్తూరు చెల్లీ, మీతో పనిచేసిన అమ్మాయిల్లో ఇద్దరు ముగ్గురు వస్తే ఇంకా మంచిది.

పుత్తూరు చెల్లి

నలుగురం వస్తాం అన్నా. ఒక అమ్మాయికి ఆ రోజు డ్యూటీ ఉంది, పర్మిషన్ అడుగుతానంది.